తువ్వాలు

"ఫోన్లు ఇందులో వేయండి," అన్నాడు డెంజిల్, బిస్కెట్ల రేకుడబ్బా మూత తీసి పట్టుకుని.

అతనితో వేటకొచ్చే క్లెమో తన ఫోన్ వేశాడు. జెన్నా వేయలేదు.

"నాదీనా?"

"నీదీ వదినా. నా పడవలో మా అమ్మకైనా ఇదే రూలు. చేపలు గుంపుకట్టేది మునిగిన ఓడల చుట్టూనే. ఆ ఓడ ఎక్కడుందో ఫోన్ అంకెలతో సహా పట్టేస్తుంది. ఇక వచ్చే శనివారానికి ఫాల్మత్ రేవులో ఉన్న పడవలన్నీ నా నెత్తిమీదే ఉంటాయి."

"ఏడాదిన్నరగా వస్తున్నాను, నాకే తెలీదమ్మా," అన్నాడు క్లెమో. "వీడు పోయేటప్పుడైనా చెప్తాడేమోనని మంచం పక్కన కాచుకోవాలి."

"నువ్వే ముందు పోతావులే. ఆ పొట్ట చూసుకో."

ఇద్దరూ పగలబడి నవ్వారు. జెన్నా ఫోన్ డబ్బాలో వేసింది. డబ్బా అడుగున చేప పొలుసులు అంటుకుని ఉన్నాయి.

ఆమెకి చేపల వేట అంటే పడదు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో భర్త హెడ్లీ పడవ ‘కెరెన్సా’ ఒక్కసారి కూడా ఎక్కలేదు. రెండేళ్ళ కిందట మార్చి తొమ్మిదిన వేటకి వెళ్ళిన ఆ పడవా రాలేదు, హెడ్లీ రాలేదు. తీర రక్షణ దళం పది రోజులు వెతికి ఆపేసింది. ఆపనిది మరిది డెంజిల్ ఒక్కడే. ప్రతి శనివారం ముందు అన్నని వెతుకుతాడు, తర్వాతే గాలం వేస్తాడు. సాయంత్రం ఆమె గుమ్మంలో ఒక చేప పెట్టి, టోపీ తీసి, "ఈసారీ ఏమీ కనబడలేదు వదినా," అంటాడు.

చేప వాసనే ఆమెకి గిట్టదు. అయినా అంత కష్టపడేవాణ్ణి చిన్నబుచ్చలేక వండుకుని తినేది.

శవం లేదు. పడవ చెక్క ముక్కైనా లేదు. హెడ్లీ కోటు ఇంకా తలుపు వెనకే వేలాడుతోంది. తీస్తే తనే చంపేసినట్టుంటుంది, ఉంచితే పిచ్చెక్కినట్టుంటుంది. ఒక పువ్వు వేయడానికైనా ఆమెకి ఒక చోటు కావాలి. అందుకే ఈ రోజు పసుపు డాఫొడిల్ పువ్వుల కట్ట పట్టుకుని తనే వచ్చింది.

తీరం సన్నని గీత అయింది. కాసేపటికి అదీ పోయింది.

"ప్రతిసారీ ఏ వైపు వెతుకుతారు?" అని క్లెమోని అడిగింది.

క్లెమో డెంజిల్ వైపు చూశాడు. "అదీ... వాడికే తెలుసమ్మా," అన్నాడు.

మరో గంటకి డెంజిల్ ఇంజన్ తగ్గించాడు. దారీ, గుర్తు పెట్టుకున్న చోట్లూ చూపే తెర మీద ఒక పాత తువ్వాలు కప్పేశాడు.

"వెతికేది ఇక్కడేనా?" అంది జెన్నా.

"అబ్బే, ఇది మా నాన్న నాకొక్కడికే చూపించిన చోటు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి బొగ్గు ఓడ ఉంది కింద. అన్నయ్య కూడా ఎన్నిసార్లు బతిమాలాడో! నేను చెప్పలేదు." డెంజిల్ గాలానికి ఎర గుచ్చుతున్నాడు. "నీటి లాగుడు ఆగేది ముప్పావుగంటే, చేపలు పడేదీ అప్పుడే. ముందు ఇది కానీ. తర్వాత వెతుకుదాం."

"మరి పువ్వులు?"

"ఎక్కడ వేస్తే ఏంటి వదినా? సముద్రమంతా ఒకటే నీళ్ళు."

కట్ట అందుకుని ఎర బకెట్‌లో గుచ్చాడు. కోసిన కానాగంత చేప ముక్కల మధ్య డాఫొడిల్స్ తలలు వాల్చాయి.

నలభై బారల లోతు నుంచి చేపలు వచ్చాయి. కళ్ళు వెలికొచ్చి, కడుపుసంచి నోట్లోంచి బుడగలా పొంగి వచ్చాయి. చిన్నవాటిని డెంజిల్ "పో, బతుకు," అంటూ వెనక్కి విసిరాడు. ఒక్కటీ బతకలేదు. తెల్లటి పొట్టలతో తేలుతుంటే పక్షులు వాలి కళ్ళు పొడుచుకు తిన్నాయి. క్లెమో ఆ నెత్తుటి చేతుల్తోనే మాంసం కూరిన పాస్టీ రొట్టె తీసి కొరికాడు. పొలుసు ఒకటి పెదవికి అంటుకుంది. నాలుకతో నాకి, ఉమ్మేశాడు.

జెన్నా మొహం తిప్పుకుంది.

"వదినకి మన భోజనాలు నచ్చలేదురోయ్," అన్నాడు డెంజిల్.

ఉన్నట్టుండి అతని గాలపు కర్ర విల్లులా వంగింది. పావుగంట లాగితే పైకి వచ్చింది ఒక కాంగర్ పాముచేప. మనిషి తొడంత లావు. బూడిద రంగు జిగురు. పడవలో పడి కుక్కలా మొరిగింది. ఇద్దరూ దాని మీద పడ్డారు.

"అబ్బ! ఏం తిని ఇంత బలిసిందిరా ఇది!" అన్నాడు క్లెమో.

డెంజిల్ నవ్వలేదు. "నోరు మూసుకుని తల పట్టుకో," అన్నాడు.

జెన్నాకి గత శనివారం గుమ్మంలో పెట్టిన చేప గుర్తొచ్చింది. అదీ కాంగరే. రెండు పూటలు తిన్నది. అంచు పట్టుకుని వంగి, కడుపులో ఉన్నదంతా కక్కేసింది. సగం నీళ్ళలో పడింది, సగం కోటు మీద.

"కక్కు వదినా, కక్కు. అదీ ఎరే!" కాంగర్ మీద కూర్చునే అరిచాడు డెంజిల్.

మూతి తుడుచుకోవడానికి గుడ్డ కోసం తడుముకుంది. చేతికి తువ్వాలు తగిలింది. లాగింది.

తెర మీద, పడవ సరిగ్గా నిలబడి ఉన్న చోట, రెండేళ్ళ కిందటి మార్చి ఇరవై ఒకటో తేదీన డెంజిల్ పెట్టుకున్న గుర్తు వెలుగుతోంది, దానికి అతను పెట్టిన పేరు ‘కెరెన్సా’.