చుక్కి గీసిన కొంగ

"బురద మీద ఆ తామరపువ్వు గీసింది నువ్వేనంటగా? మరి నన్నెందుకు గియ్యలేదే?" అని కొంగ తెల్లయ్య నిలదీశాడు.

ఎండ్రకాయ చుక్కి కన్నంలోంచి సగమే బయటికొచ్చింది. "మీరంతటోరు అయ్యగారూ. మిమ్మల్ని గియ్యాలంటే భయమండీ."

"భయమెందుకే? నువ్వు చూసింది చూసినట్టు గియ్యి. పోలిక కుదిరిందా, జన్మలో నీ జోలికి రాను. కుదరలేదా, ఈ పూట నాకు ఫలహారం నువ్వే."

తెల్లయ్య ఈకలు సర్దుకుని, మెడ వయ్యారంగా వంచి, ఒంటికాలి మీద బిగుసుకుని నిలబడ్డాడు. అదేదో తెల్ల కొయ్య అనుకుని చేపపిల్లలు ఒడ్డుదాకా వచ్చి ఆడుకుంటున్నాయి. చుక్కి అడ్డంగా నడుస్తూ, డెక్కతో తడి బురదలో గబగబా గీసేసి, మళ్ళీ కన్నంలో దూరింది.

తెల్లయ్య కళ్ళు దించి చూసి కొయ్యబారిపోయాడు. బొమ్మలో రెక్కల్లేవు, మెడ లేదు. బారుగా తెరిచిన ముక్కొకటే ఉంది. దాని లోపలంతా చీకటి.

"ఇది నేనా?" అనబోయాడు. ఇంతలో ఒక చేపపిల్ల తలెత్తి బొమ్మ చూసింది.

"అమ్మో, తెల్లయ్య!"

కొయ్య పక్కనున్న పిల్లలన్నీ కెవ్వుమంటూ చెరువు అడుక్కి పారిపోయాయి.

"నన్ను ఇలా ఎప్పుడు చూశావే?" అన్నాడు తెల్లయ్య, మెల్లగా.

"మా అమ్మని తీసుకెళ్ళిన రోజునండీ," అంది చుక్కి కన్నంలోంచి. "మీరే కదండీ అన్నారు, 'నువ్వు చూసింది చూసినట్టు గియ్యి.'"