చుక్కల బొమ్మలో లేడి

గోడకి తగిలించిన చుక్కల బొమ్మలోంచి, చూపు వదులు చేసి చూస్తే లేడి పైకి లేచి కనబడుతుందని ఎలీయేజరు బతికున్నన్నాళ్లూ చెప్పేవాడు. అతని భార్య కృపావతికి ఒక్కసారీ కనబడలేదు. తెల్లారితే కూతురు డాలీ ఆ బొమ్మను అత్తారింటికి పట్టుకుపోతుంది.

"అలా గుచ్చి సూడకమ్మా. గోడ అవతలికి సూసినట్టు సూడు."

చోడిగింజల్లో రాళ్లేరి అలవాటైన కృపావతి కళ్లు దగ్గరికే లాగుతున్నాయి. బొమ్మను చింపేయాలన్నంత విసుగొచ్చింది. అంతలో చుక్కలు కదిలాయి.

"చెవులు, కాళ్లు... దొరికిందే డాలీ! కానీ పైకి లేవలేదు. లేడి ఆకారంలో గొయ్యుంది."

"గొయ్యేటి? లేడి ఉంటాది, సరిగ్గా సూడు."

"లేదే. ఎల్లిపోయినట్టుంది."

డాలీ నవ్వబోయి ఆగింది. వాకిట్లో ఆరబోసిన కాఫీకాయలు అడుగుల కింద పటపట నలిగాయి. ఆ చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

చూపు తిప్పితే మళ్లీ దొరకదని కృపావతి గోడనే చూస్తూ, "బేగి తలుపు తియ్యే, ఎవరో వచ్చినారు" అని కసిరింది.