రెడీమేడ్ మెడపట్టీ

"బడీ లేదు గిడీ లేదు. శనివారం నుంచి పిల్ల నా పక్కన జరీకుట్టు చట్రం ముందు కూర్చుంటుంది. నా పని నాతో పోకూడదు." సర్వర్ బేగం ఆ మాట అనడం పొద్దుటినుంచి ఇది నాలుగోసారి.

"మూడో క్లాసు పిల్ల అత్తా. అయినా ఈ చేతికుట్టు ఇంకెన్నాళ్ళు నడుస్తుంది?" కోడలు దౌలత్‌బీ జరీ మెడపట్టీ ఒకటి తెచ్చి చట్రం మీద పెట్టింది. "బజార్లో రెడీమేడ్‌గా అమ్ముతున్నారు. జపాను మిషన్ కుట్టు. దుబాయ్‌లో ఇక నీ పని ఖలాస్."

అత్త చేతిలో ఇనప గజంబద్ద గాల్లోకి లేచింది. మొదటి దెబ్బ భుజం మీద పడింది.

"నా చట్రం మీద బజారు సరుకు పెడతావటే? చాపు చెయ్యి."

దౌలత్‌బీ పిడికిలి బిగించి చాపింది.

"విప్పు."

విప్పలేదు. కణుపుల మీద బద్ద ఫెడీమంది. చర్మం చిట్లింది. మళ్ళీ కొట్టింది. అడ్డమొచ్చిన కొడుకు మీరా హుస్సేన్‌కి చెంప మీద వాత తేలింది. పిల్ల తలుపు వెనక నక్కి ఏడుస్తోంది.

డెబ్బై నాలుగులో ఆ చట్రాన్ని నెల్లూరు నుంచి మోసుకొచ్చి బొంబాయిలో దుబాయ్ ఓడెక్కిన మనిషి సర్వర్ బేగం. అరబ్బుల ఇళ్ళలో పెళ్ళిబట్టలంటే ఆమె చేతివే. తొమ్మిదేళ్ళుగా పక్కన కూర్చుని దారాలందించడమే తప్ప, ఈ కోడలు ఒక్కనాడూ సూది పట్టడం ఆమె చూడలేదు.

"మిషను తప్పు చెయ్యదా? చూపిస్తానుండు."

మెడపట్టీని తిరగేసింది. పైకి తేలిన ముడి కోసం వెతికింది. దొరకలేదు. జరీతో కుట్టిన ఆకుల మొనలు ఒక్కొక్కటే గోటితో తడిమింది. ఒక్కటీ వంకర పోలేదు. కత్తెర అందుకుని కసిగా పొడిచింది. చీల్చింది. పోగుల్ని పళ్ళతో పీకింది. పెదవి తెగి జరీ మీద రక్తం కారింది.

చివరికి కత్తెర చేతిలోంచి జారింది. ముగ్గురూ ఆమెనే చూస్తున్నారు.

"హుస్సేనూ," అంది మెల్లగా. "చట్రాన్ని కట్టెల్లో వెయ్. నలభై ఏళ్ళలో నా చేతికి రాని పనితనం మిషనుకి వచ్చేసింది. ఇంక దీనికి నా మనవరాలి వేళ్ళెందుకు? పిల్లని బడికి పంపండి."

వంటింట్లో కుళాయి కింద దౌలత్‌బీ అప్పుడు విప్పింది పిడికిలి, ఆ మెడపట్టీని తానే దొంగచాటుగా చేత్తో కుట్టిన నెల్లాళ్ళ సూదిపోట్లు వేళ్ళ కొసల నిండా మండుతుంటే.