మిరియపాకులో మిణుకులు

ల్యాబ్‌లో ఆమె ఒక్కతే మిగిలింది. చడీచప్పుడూ లేదు. సూక్ష్మదర్శిని కింద మిరియాల తీగ ఆకు ముక్క. అందులోని ఖనిజ స్ఫటికాలు చీకట్లో చుక్కల్లా మెరుస్తున్నాయి. ఆకును పెట్టిన పళ్లెం తిప్పితేనే అవి ఆరి, మళ్లీ వెలుగుతాయి. ఆమె చేతులు ఒళ్లో ఉన్నాయి. అయినా స్ఫటికాలు కళ్లార్పుతున్నాయి.

భయపడి, సీనియర్ అక్కకి ఫోన్ చేసింది.

"పళ్లెం స్క్రూ బిగించలేదా తల్లీ?" అక్క పడీపడీ నవ్వింది. "ఆ పాత ఫ్రిజ్ అదురుకి దానంతటదే తిరుగుతుంది. నన్నూ ఓసారి ఇలాగే హడలగొట్టింది."

స్క్రూ బిగించింది. స్ఫటికాలు కుదురుకున్నాయి.

"అమ్మయ్య, బతికించావక్కా!"

పోయిన ప్రాణం లేచివచ్చింది. తన పిరికితనానికి తనే నవ్వుకుంటూ, ఆ ఫ్రిజ్‌ని ఓ దెబ్బ వేద్దామని వెనక్కి తిరిగింది.

ఫ్రిజ్ తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఖాళీ. ప్లగ్గు వైరు చుట్టి పైన పెట్టి ఉంది.