హిల్డా వేసిన మనుషులు

"ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు మీ భార్య ఏ రంగు బట్టల్లో ఉన్నారు?" ఫోన్లో పోలీసమ్మాయి మళ్ళీ అడిగింది.

ఓటో ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు. కొండ మీద పడ్డ పొద్దుటెండ ఏ రంగో అడిగితే గంటసేపు చెప్పేవాడు. ఎనభై దాటిన ఆ జర్మన్ చిత్రకారుడు సొంత పెళ్ళాం బట్టల రంగు మాత్రం చెప్పలేక, "స్వెటర్... అనుకుంటాను," అన్నాడు.

కంగారు విని పరిగెత్తుకొచ్చిన పక్కింటి డాక్టర్ శ్రీపతికి జాలి కన్నా చిరాకే ఎక్కువేసింది. "యాభై ఏళ్ళ కాపురం! ఏం మనిషయ్యా ఈయన," అని తెలుగులో గొణిగి, "లీలా, కాస్త టీ పెట్టు," అన్నాడు, వెంట వచ్చిన భార్య వైపు తిరక్కుండానే. లీల కదల్లేదు.

నగరం చివర్లో ఉన్న ఆ క్రెయిగీబర్న్‌లో చుట్టూ కొత్త ఇళ్ళు లేచినా ఓటో ఆ పాత రేకుల ఇంట్లోనే కూర్చుని, కుర్రతనంలో చూసిన ఇటలీ కొండల్నే గీస్తూ వచ్చాడు. ఒక పక్క మహావృక్షం, మధ్యలో నీళ్ళు, దూరాన కూలిన గుడి, వాటన్నిటి మీదా సాయంత్రపు వెలుగు. పాతకాలపు పద్ధతి వీసమెత్తు తప్పేవాడు కాదు. అంతటివాడికీ మనుషుల్ని వేయడం చేతకాదు. బొమ్మ పూర్తయ్యాక చిటికెన వేలంత మనుషుల్ని భార్య హిల్డా వచ్చి వేసి వెళ్ళేది.

ఓటో ఫోన్ పెట్టేశాడు. "వెనకున్న వాగులో, ఆ క్రీక్‌లో వెతుకుతారట. తను లేకపోతే నేను బతకలేను, డాక్టర్."

మాట నిజమేనని ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది. శ్రీపతికి దిగులేసింది.

"ఓటో, హిల్డా వేసిన మనుషుల్ని మీరెప్పుడైనా చూశారా?" అని లీల అడిగింది.

"చూడ్డానికేముంది? చెట్టు ఎంత పెద్దదో తెలియాలంటే కింద ఓ మనిషుండాలి. అందుకే వాళ్ళు."

"ఒక్కసారి చూడండి. గోడ మీద మొదటి బొమ్మ నుంచి వరసగా."

"ఇప్పుడా లీలా ఇదంతా?" అని శ్రీపతి విసుక్కున్నాడు. ఓటో మాత్రం భూతద్దం తీసుకుని గోడ దగ్గరికి నడిచాడు.

మొదటిదాంట్లో చెట్టు కింద ఒక మగమనిషి, అతన్ని ఆనుకుని నీలం గౌను వేసుకున్న ఆడమనిషి. తర్వాతిదాంట్లో ఆమె లేచి నిలబడింది. ఆ తర్వాత నీళ్ళ ఒడ్డున. ఆపైన వంతెన మీద. గోడ చివర బొమ్మలో గుడి కూడా దాటేసి, కొండ మలుపులో, వీపు ఇటు పెట్టి, బియ్యపు గింజంత. మగమనిషి అన్నిట్లోనూ అదే చెట్టు కింద, ఆకాశంకేసి చూస్తూనే ఉన్నాడు.

స్టాండు మీది బొమ్మకి ఇంకా రంగు ఆరలేదు. దాంట్లో అతనొక్కడే ఉన్నాడు.

"నా గోడ మీదే..." అని ఓటో కుర్చీలో కూలబడ్డాడు. "ఇన్నేళ్ళూ నా గోడ మీదే ఉంది." భూతద్దం ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

శ్రీపతి భార్యని తలుపు దగ్గరికి లాక్కెళ్ళాడు. "ఇదంతా నీకెలా తెలుసు?"

"హిల్డా చెప్పింది. పొద్దున సన్‌బరీ స్టేషన్‌లో బెండిగో ఊరికెళ్ళే ట్రెయిన్ ఎక్కించింది కూడా నేనే. సేఫ్‌గానే ఉంది. ఓటో ఈ బొమ్మలు తన కళ్ళతో తాను చూశాకే చెప్పమంది. ఇప్పుడు చెప్తాను, పోలీసులకీ కాల్ చేస్తాను."

శ్రీపతికి మతిపోయింది. "ఎంత పని చేశావే! అంత పెద్దావిడ, ఊరు కాని ఊళ్ళో ఒక్కత్తే ఎలా ఉంటుందనుకున్నావు?"

లీల అతని కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఒక్కత్తే కాదండీ. అక్కడ తీసుకున్న ఇంట్లో రెండో బెడ్‌రూమ్ నాది."