బల్ల ఎత్తు

కెమిస్ట్రీ డిగ్రీకి దరఖాస్తుల గడువు ఆ సాయంత్రంతో ముగుస్తుంది. మా చెల్లెలి కూతురి మార్కులకు ఏ యూనివర్సిటీ కాదనదు. అదే ఒక్కోదాన్నీ వద్దంటూ వచ్చింది.

దేవుణ్ణి తలుచుకుని, మిగిలిన ఒక్కదానికీ ఫోన్ చేశాను. "మీ ల్యాబ్‌లో బల్ల ఎంత ఎత్తుంటుంది బాబూ?"

అటెండరు నవ్వాడు. "అందరూ హాస్టల్ గురించి అడుగుతారమ్మా. బల్ల గురించి అడిగింది మీరే. నిలబడితే నడుం దాకా వస్తుంది."

ఫోన్ పెట్టేసి, "అక్కడా అంతేనే," అన్నాను పక్కనే ఉన్న దానితో.

"అంటే నాకు మెడ దాకా. యాసిడ్ మొహం మీదే ఒంపుకోవాలి." చక్రాల కుర్చీలోనే ముడుచుకుపోయి ఏడ్చింది. చాలాసేపటికి తల ఎత్తింది.

"డాక్టర్లు నా కాళ్లు తీసేశారు కదా పెద్దమ్మా. వీళ్లు ఒక్క బల్ల కాళ్లు కోయలేరా?"

మళ్లీ అదే నంబరు నొక్కాను.

"బాబూ, మీ దగ్గర వడ్రంగి ఉన్నాడా?"