తుబ్లీ క్యాంపులో అభిశంసన

మెస్సు తలుపు మీద ఎవరో కాగితం అంటించారు. పేపరు చదివే అలవాటున్న పోశన్న దాన్ని గట్టిగా చదివాడు.

“మన సంఘం అధ్యక్షుడు నర్సింగ్‌ను పదవి నుంచి దించాలె. పోయిన దసరకు గంటసేపు ఉపన్యాసమిచ్చి యాట కూర చల్లారబెట్టిండు. పంచాయితి నడుస్తుంటె కునుకు తీస్తడు.”

కింద సంతకం లేదు.

అది 2006. గల్ఫ్‌లోని తుబ్లీ లేబర్ క్యాంపులో ఉండే తెలంగాణవాళ్లకు ఆరేళ్లుగా నర్సింగే పెద్దదిక్కు. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

“పేరు లేని కాయితం. చింపి పారేయుండ్రి,” అన్నాడు ఉపాధ్యక్షుడు వెంకటి.

“పేరు లేకుంటె ఏంది? అధ్యక్షునికో న్యాయం, అందరికో న్యాయమా? శుక్రవారం విచారణ పెట్టుండ్రి,” అన్నాడు నర్సింగ్.

ఆ మాటకు సగం మంది కళ్లు చెమర్చాయి.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. విచారణ నడిపేదెవరు? సంఘం నియమాల ప్రకారం ఏ సభకైనా అధ్యక్షుడే పెద్ద. ఆయన లేకపోతే ఉపాధ్యక్షుడు.

“తన మీది విచారణకు తానే ఎట్ల కూసుంటడు?” అన్నాడు పోశన్న. “వెంకటి కూసుంటె, నర్సింగ్ దిగినంక ఆ కుర్చీ ఆయనకే పోతది. అమెరికాల గూడ ప్రెసిడెంటును విచారిస్తె ఉపాధ్యక్షున్ని కూసోబెట్టరట. పెద్ద జడ్జి వస్తడట.”

“తుబ్లీల పెద్ద జడ్జిని యాడికెల్లి తెద్దాం?” వెంకటి నవ్వాడు.

“మహబూబ్ పాషా భాయ్ ఉన్నడు గద,” అన్నాడు నర్సింగే.

పాషా క్యాంపు బస్సు డ్రైవరు. జగిత్యాల మనిషి. సంఘంలో సభ్యుడు కాడు, కుర్చీ మీద ఆశ లేదు. పొద్దున ఐదింటికి బస్సు కదలాలంటే కదలాల్సిందే. సొంత బావమరిది వెనక పరుగెత్తుకొస్తున్నా ఆపడని పేరు. అందరూ సరేనన్నారు. ఓట్లు సమానమైతే పాషా మాటే ఖలాస్, ఇక దానికి తిరుగులేదు అనుకున్నారు.

శుక్రవారం జుమ్మా నమాజు చేసుకుని వచ్చి పాషా కుర్చీలో కూర్చున్నాడు. ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంది. మొన్న రిఫాలో తాను ఇల్లు మారినప్పుడు, సెలవు పోగొట్టుకుని ఫ్రిజ్జును మూడంతస్తులు మోసినవాడు నర్సింగ్. ఆ మనిషిని ఎదురుగా నిలబెట్టి అడగాలి!

“కూర చల్లారిన మాట నిజమేనా?”

“నిజమే భాయ్.”

“కునుకు?”

“తీసిన. గురక గూడ పెట్టిన.”

వెంకటి ఆగలేకపోయాడు. “పొద్దంత డ్యూటీ జేసొచ్చి మా పంచాయితీలు తెంపుతడు. నిద్ర రాదా మరి?”

“వెంకటీ, నువ్వు కూసో. నా తరఫున మాట్లాడకు,” కసిరాడు నర్సింగ్.

ఎంత నిజాయితీ! అనుకున్నాడు పాషా.

చేతులెత్తించి లెక్కపెట్టారు. తప్పు ఒప్పుకున్నాడు గనక దిగాల్సిందే అన్నవాళ్లు ఇరవై ఒకరు. ఉండాలన్నవాళ్లూ ఇరవై ఒకరే.

నిమిషం ఆలస్యాన్ని కూడా ఏనాడూ క్షమించని పాషా వైపే అందరూ చూస్తున్నారు. నర్సింగ్ చూపయితే వేడుకుంటోంది. ఆ చూపు తట్టుకోలేక పాషా లేచి నిలబడ్డాడు.

“కూర చల్లారితె మళ్ల పొయ్యి మీద పెట్టుకోవచ్చు. గిసొంటి మనిషి పోతె యాడ దొరుకుతడు? నర్సింగే అధ్యక్షుడు. ఖలాస్!”

ఈలలు, చప్పట్లు. దించాలన్నవాళ్లే ముందు ఉరికి నర్సింగ్‌ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. మెస్సు చుట్టూ మూడుసార్లు తిప్పి గానీ దించలేదు.

గోల సద్దుమణిగాక పాషా బయట బస్సు దగ్గర అతడి చెయ్యి పట్టుకున్నాడు. “నా చేతనైంది నేను జేసిన, నర్సింగ్ భాయ్.”

నర్సింగ్ నెత్తి పట్టుకుని బస్సు మెట్టు మీద కూలబడ్డాడు.

“దిగిపోత అంటె ఎవ్వలు దిగనిస్తలేరనే గద భాయ్, ఆ కాయితం నేనే రాసి అంటించింది!”